పిల్లల కమ్మీ

కూతురు పొద్దస్తమానం సాధించినా ఆయనకు బాగానే ఉండేది. అలా కాదు, అసలు మాటే మానేసింది. మనవడు పుట్టాక ఆయన చేతికివ్వను కూడా లేదు.

ఇంతకీ చేసిన నేరమేమిటంటారా? ఆయన ఓడరేవులో వడ్రంగి. అల్లుడు పెద్ద ప్రయాణికుల ఓడలో గదులు సర్దేవాడు. యుద్ధమొచ్చి ఆ ఓడను నౌకాదళం తీసుకుంది. "అందులోనే ఉండిపో అల్లుడూ, తెలిసిన ఓడ, ఇంట్లో ఉన్నట్టే" అని సలహా ఇచ్చాడీ మహానుభావుడు. కూతురప్పుడు నిండు చూలాలు.

ఓడను యుద్ధానికి తయారుచేసినవాళ్ళలోనూ ఆయన ఉన్నాడు. నాట్యశాలలో సైనికుల పడకలు వేశారు, ఈతకొలనులో ఫిరంగి గుళ్ళు పేర్చారు, పైనుంచి కిందిదాకా బూడిద రంగు పులిమారు. నిప్పంటుకుంటుందని చెక్కన్నది మిగలకూడదట. రేవులో పద్ధతేమిటంటే, మేస్త్రీ ముందు నడుస్తూ పీకాల్సినవాటి మీద సుద్దగీత పెడతాడు. గీత లేనిదాని జోలికి ఎవరూ పోరు. ఆ మేస్త్రీ తాటిచెట్టంత మనిషి, కిందికి చూసే అలవాటే లేదు. అడుగు అంతస్తులో, ఆటగది నుంచి మెట్లదాకా, చిన్నపిల్లలు పట్టుకుని నడవడానికి మోకాలెత్తున చెక్క కమ్మీ ఒకటుంది. దాని మీద గీత పడలేదు.

"మేస్త్రీ, ఇది కూడానా?" అనడిగాడు వడ్రంగి.

"గీత ఉందా?" అవతలి గదిలోంచి కేక.

"లేదు."

"లేకపోతే నీకెందుకయ్యా? ముందుకు నడు!"

నడిచాడు. సెలవుకొచ్చినప్పుడల్లా అల్లుడు ఆ కమ్మీ తగిలి కమిలిన మోకాళ్ళు చూపించేవాడు. "చూడు మామయ్యా! ఓడంతా మీ రేవువాళ్ళని తిట్టుకుంటోంది." మామ నవ్వేవాడు. కూతురు నవ్వేది కాదు.

ఓ ఉదయం పిడుగులాంటి వార్త. ఓడకు ఫిరంగి దెబ్బ తగిలిందట, ఎలాగో రేవు చేరుతోందట. వడ్రంగి పరుగున గేటు దగ్గరికి వెళ్ళాడు. కూతురు అప్పటికే అక్కడుంది, చంకలో పిల్లాడు. తండ్రిని చూసి అటు తిరిగి నిలబడింది. అల్లుడికేమైనా అయితే ఈ పిల్ల జన్మలో తన మొహం చూడదని ఆయనకు తెలుసు. చూడకపోయినా ఫరవాలేదు, వాడు బతికొస్తే చాలుననుకున్నాడు.

వచ్చాడు! చేతికి కట్టు, ఒళ్ళంతా మసి.

"దీపాలారిపోయాయి మామయ్యా. ఒకటే పొగ, నిలబడితే ఊపిరాడదు. బోర్లా పడి పాకుతుంటే చేతికి కమ్మీ తగిలింది. దాన్ని పట్టుకునే మెట్లదాకా వచ్చాం. కింద ఉన్నవాళ్ళం అందరం."

వెనకున్న సైనికులు దణ్ణాలు పెడుతూ వడ్రంగి చేతులు పట్టుకున్నారు. "నాదేం లేదు నాయనా" అంటూ ఆయన గుంపులోంచి మేస్త్రీని లాక్కొచ్చాడు.

మేస్త్రీ చెయ్యి విడిపించుకోబోయాడు. "నేను చూళ్ళేదయ్యా, పైవాళ్ళకి చెప్పకు!"

"చూడకపోబట్టే బతికారు! నీకు దణ్ణం పెడతాను, నువ్వు నూరేళ్ళు చల్లగా ఉండాలి" అని వడ్రంగి నిజంగానే చేతులు జోడించాడు. తాటిచెట్టు మనిషి బిక్కమొహం వేసుకుని నిలబడిపోయాడు.

అల్లుడి కాళ్ళు తడబడుతున్నాయి. కూతురు గబగబా వచ్చి భర్తను పట్టుకుంది. ఆ పళంగా వెనక్కి తిరిగింది.

"నాన్నా, వీణ్ణి ఎత్తుకో. నేనాయన్ని నడిపించుకొస్తాను."