ముప్పై ఏడో నంబరు బస్సు

డెట్రాయిట్ తూర్పు వైపున ఉండే నయోమికి అప్పుడు పదహారేళ్ళు. తల్లి పోయాక అమ్మమ్మే పెంచింది. వారానికి మూడుసార్లు అమ్మమ్మ డయాలసిస్‌కి వెళ్ళేది ముప్పై ఏడో నంబరు బస్సులోనే. ఆ బస్సు ఆపేస్తున్నామని, అభ్యంతరాలుంటే నెల తర్వాత జరిగే బహిరంగ విచారణలో చెప్పొచ్చని ఓ సోమవారం స్టాపులో కాగితం అంటించారు.

నయోమికి ఒళ్ళు మండిపోయింది. ఘాటైన ప్రసంగం రాసి అమ్మమ్మకు వినిపించింది.

"బాగుంది. కానీ ఇందులో అంతా నీ కోపమే ఉంది. ఆ బస్సెక్కే నల్లవాళ్ళం ఎంతమందిమో, ఎవరి బాధ ఏమిటో నీకు తెలుసా?" అంది అమ్మమ్మ.

తెలియదు. మర్నాటి నుంచి స్కూలుకు ముందు ఆ బస్సెక్కి చివరిదాకా వెళ్ళొచ్చేది. "ఇది లేకపోతే ఏం చేస్తారు?" అని పక్కసీటువాళ్ళను అడిగేది. కొందరు కసురుకున్నారు, కొందరు కిటికీవైపు తిరిగారు. అయినా మూడు వారాల్లో నలభై మంది పేర్లు నోటికొచ్చాయి.

బహిరంగ విచారణకు అందులో ఇరవైమంది వచ్చారు. ఆసుపత్రిలో నేలలు తుడిచే ఓటిస్ కూడా వచ్చాడు. ఆయనకు నత్తి.

"నా వల్ల కాదమ్మా. నా బదులు నువ్వే చెప్పెయ్," అన్నాడు.

టీవీ కెమెరాలు అప్పటికే నయోమివైపు తిరిగి ఉన్నాయి. సరేననబోయి ఆగింది.

"పక్కనే నిలబడతాను, మిస్టర్ ఓటిస్. మాట మాత్రం మీరే చెప్పాలి."

మైకు ముందు ఆయనకు మొదటి మాటే పెగల్లేదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. టైమవుతోందన్నాడు సభాధ్యక్షుడు. బస్సులో ఆయన తనతో చెప్పిన మాట నయోమి నాలుక చివరే ఉంది. పెదవి కొరుక్కుని నిలబడింది.

"నా... నా భార్య నేను పనిచేసే ఆసుపత్రిలోనే ఉంది. పనయ్యాక ఆమె దగ్గర కూర్చుని ఆఖరి బస్సుకి ఇంటికొస్తాను. ఇప్పుడు దేన్ని వదులుకోమంటారు? పనినా, ఆమెనా?"

వారం తర్వాత నిర్ణయం వచ్చింది.

ఉదయం బస్సులూ ఆఖరి బస్సూ ఉంటాయన్నారు. మధ్యాహ్నంవి తీసేశారు. ఇన్నాళ్ళూ మధ్యాహ్నం బస్సెక్కే అమ్మమ్మ ఇక తెల్లారకముందే బయల్దేరాలి. ఓడిపోయాననుకుంది నయోమి.

శనివారం తలుపు చప్పుడైంది. ఓటిస్, ఆయన వెనక మరో పదకొండు మంది.

"మధ్యాహ్నం బస్సుల సంగతి ఏం చేద్దాం?" అన్నాడాయన.

నయోమి జవాబు చెప్పబోయి, లోపలికి వెళ్ళి ఇంట్లో ఉన్న కుర్చీలన్నీ తెచ్చి వేసింది.

"కూర్చోండి. ముందు మీరేమనుకుంటున్నారో చెప్పండి."