ఎత్తిన చేతులు

"దొరలొచ్చే యేలయింది. టీ నీళ్ళు మరగలేదేటి వదినా?" అన్నాడు మా మరిది ఫల్గుణ. అతను కూర్చున్నది సర్పంచ్ కుర్చీ. సర్పంచిని నేను. పొయ్యి ఊదుతున్నదీ నేనే.

మా ఆయన చనిపోయిన ఏడాదే ఈ పదవి ఆడవాళ్ళకి కేటాయించారు. "సంతకం నేర్సుకో సాలు, మిగతాది నేను సూసుకుంతాను" అని మరిదే నన్ను నిలబెట్టాడు. సంతకంతో ఆగలేకపోయాను. పొగకి కళ్ళు తుడుచుకుంటూ మనవరాలి వాచకం కూడబలుక్కున్నాను. "కలెక్టరవుతావేటే?" అని మా అత్త నవ్వేది.

కిందటేడు కాఫీ కంపెనీ వాళ్ళు వచ్చారు. మా కొండల్లో పండిన కాఫీ పళ్ళను మంచి నీళ్ళతో కడిగితేనే పై దేశాల వాళ్ళు కొంటారట. ఆ రోజు మేం ఊట దగ్గర నిండు బిందెలు నెత్తికెత్తుకుని, చేతులతో పట్టుకుని ఉన్నాం. ఫోటో తీస్తాం, నవ్వమన్నారు. నవ్వాం. తర్వాత ఊటకి గొట్టం వేసి, పళ్ళు కడిగే షెడ్డుకి మళ్ళించారు. ఎవరొప్పుకున్నారని అడిగితే "గ్రామసభ ఒప్పుకుంది" అన్నాడు మరిది. ఆ సభ ఎప్పుడు జరిగిందో నాకు గుర్తు రాలేదు. సంతకి వెళ్ళానేమో, పొయ్యి దగ్గరున్నానేమో అని నా మీద నాకే అనుమానం. ఇప్పుడు మేం ముంచుకునేది షెడ్డు కింద పారే గెడ్డలో. పళ్ళు కడిగిన పులిసిన నీళ్ళు అందులోకే వస్తాయి. పిల్లలు ఒళ్ళంతా గోక్కుంటున్నారు. ఆ నీళ్ళే కాచి తాగిస్తున్నాను, వేరే దారి లేక.

మొన్న షెడ్డు మీద కొత్త ఫ్లెక్సీ కట్టారు. అందులో మేమే. కింద అక్షరాలు ఒక్కొక్కటే చదివాను: "గ్రామసభలో చేతులెత్తి ఆమోదం తెలుపుతున్న గిరిజన మహిళలు." మా నుదుళ్ళ పైన ఫోటో కత్తిరించేశారు; పైకి లేచిన చేతులే కనిపిస్తున్నాయి.

పక్కింటి అచ్చియమ్మ చాలాసేపు చూసింది. "సేతులు మనయే. బిందెలేవే?"

"నీళ్ళు పట్టుకుపోయినోళ్ళు బిందెలు ఒగ్గేస్తారేటి?" అన్నాను. ఇద్దరం నవ్వాం. తర్వాత అచ్చియమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

ఈ రోజు మా ఇంటి ముందు నిజంగానే సభ. రెండో గొట్టానికి ఒప్పుకోవాలట. కంపెనీ దొరలకి టీ అందించాక మరిది నా చెవిలో అన్నాడు: "నువ్వు సెయ్యెత్తితే ఆడోళ్ళంతా ఎత్తుతారు. పరువు తియ్యకు." నీళ్ళు తిరిగొస్తాయన్న ఆశ నాకు లేదు. రేపు ఈ ఇంట్లో నాకు చోటుంటుందో లేదో కూడా తెలియదు.

గెడ్డ నుంచి ఆడవాళ్ళు నెత్తిన బిందెలతో వచ్చారు. కంపెనీ వాళ్ళ ఫోటో అబ్బాయి కెమెరా ఎత్తి ముందుకి పరిగెత్తాడు.

పొయ్యి పక్కనున్న నా బిందె తీసుకుని బయటికి నడిచాను.

"ఓలమ్మా, నెత్తి మీంచి దించండి" అన్నాను. "ఈయేళ అందరూ బిందెలు సంకనెట్టుకోండి."