రాసుకునేంత నెమ్మదిగా

ఇంత నెమ్మదిగా చదివితే ఓడలవాళ్లు నిద్రపోతారయ్యా అని ఇన్‌చార్జి నిన్న కూడా నవ్వుతూనే చురక వేశాడు, వేయనీ, వాడికేం, వాడి తమ్ముడు ఇంట్లో కాలు మీద కాలేసుకుని టీవీ చూస్తుంటాడు, హెచ్చరికలు చదివే అతను మైకు దగ్గరికి జరిగి వాతావరణం కాగితం అందుకున్నాడు, నైరుతి గాలి, ఆగాడు, ఒక్కో మాటకీ ఆగాలి, నడిసముద్రంలో ఊగే బల్ల మీద పెన్సిలు పట్టుకున్నవాడు రాసుకోవాలి కదా, ఈ తీర రేడియో స్టేషనులో ఏ హెచ్చరికైనా రెండుసార్లు చదివేది అందుకే, కానీ అతను ఇంతింతసేపు ఆగేది అందరి కోసం కాదు, తన తమ్ముడి రాత కోసం, పుట్టు ఎడమచేతి వాటం, బళ్లో మేస్టారు కొట్టికొట్టి మార్పిస్తే ఆ చెయ్యీ కుదరలేదు, ఈ చెయ్యీ కుదరలేదు, ఒక్కో అక్షరం చెక్కేవాడు, ఒరేయ్ శిల్పీ, తెల్లారిపోతుంది కానీరా అంటే, నువ్వు మెల్లిగా చెప్పన్నా, నేను రాస్తాగా అనేవాడు, అలలు నాలుగు మీటర్లు, ఆగాడు, రాశావురా, అయిందా.

ఎవరు రాయాలి ఇక, పోయిన తుపానప్పుడు వాడి బోటులో వినే సెట్టు బాగానే ఉంది, పలికేది పాడయింది, అందుకే విన్నాడో లేదో ఎవరికీ తెలియదు, చెక్కలు మాత్రం ఒడ్డుకొచ్చాయి, ఆ రోజు అందరికీ చదివినట్టే గబగబా చదివాడు అతను, మరదలైతే తేల్చేసింది, ఆయన వినుండరు బావగారూ, వింటే వచ్చేసేవారు కదా, ఏడవకుండా, బట్టలు మడతపెడుతూ చెప్పింది, ఆ మాట ఆవిడకి ఆసరా, అతనికి ఉరి.

రెండోసారి మొదలెట్టబోతుంటే స్పీకరు గరగరలాడింది, ఎక్కడో దూరాన ఏదో చేపలబోటు సరంగు, అన్నా, అందింది, మొత్తం రాసుకున్నాం, టీ తాగామని చెప్పినంత మామూలుగా అన్నాడు, అయితే వెంటనే వెనక్కి తిరగండి బాబూ, కాగితంలో లేని మాట అతని నోటివెంట వచ్చేసింది, ఇన్‌చార్జి తలెత్తి చూశాడు, పొద్దున్నే తిరిగాం అన్నా, నువ్వేమో గాలి రేపంటున్నావు, మా ఇంజనుకి ఒడ్డు ఎల్లుండి, ఏం చేస్తాం, నీ గొంతు వినపడుతుంటే కాస్త ధైర్యంగా ఉంది, చదువు.

చదువుతున్నాడు, నైరుతి గాలి, కాగితం మీద అక్షరాలు అలికేసినట్టున్నాయి, ఎల్లుండట, తమ్ముడి ఇంజను ఇంతకన్నా ముసలిది, ఎక్కువ బరువేస్తే దగ్గేది, ఎంత నెమ్మదిగా చదివితే మాత్రం ఒడ్డు దగ్గరికి జరుగుతుందా, విన్నాడు, వాడు విన్నాడు, గబగబా చదివినా రెండుసార్లూ విని ఆ వంకర రాతతో అంతా రాసుకునే ఉంటాడు, ఒడ్డుకన్నా గాలే ముందొస్తుందని లెక్క చూసుకుని, అన్నా అని పిలవడానికి సెట్టు పలక్క, పెన్సిలు పక్కన పెట్టి అలా కూర్చునుంటాడు, వాడి చావు కబురు వాడికి ముందుగా చెప్పింది ఇంకెవరో కాదు, భుజాల మీద మోసి పెంచిన అన్న గొంతే.