తోర్‌గేర్ పండించిన దుంప

నార్వే జైళ్లలో చోటు చాలక, దొంగతనం కేసులో పడ్డ తోర్‌గేర్‌ను నెదర్లాండ్స్ జైలుకు పంపారు. విమానమెక్కలేని తల్లి రాగ్న్‌హిల్డ్ వారానికోసారి కంప్యూటర్ తెరమీదే కొడుకును చూసుకునేది. వాడు ఓడ పనికి వెళ్లాడని ఇరుగుపొరుగుకు చెప్పుకుంది.

ఆ ఆదివారం తోర్‌గేర్ పిడికిలంత బంగాళాదుంపను పైకెత్తి చూపించాడు.

"ఇదెక్కడ కొట్టేశావురా?" అంది తల్లి.

పక్కనున్న డచ్చి వార్డరు వీబె ముందుకు వంగి, వచ్చీరాని నార్వే భాషలో, "కాదమ్మా, జైలు పెరట్లో మీవాడే పండించాడు. ఆ దుంపలే నిన్న అరవైమందిమి తిన్నాం," అన్నాడు.

తల్లి లేచి కిటికీ తెరిచి పొరుగావిడను కేకేసింది.

"సోల్‌వైగ్, ఇలా రావే. మావాడు జైల్లో ఉన్నాడు. వాడు పండించిన దుంప చూద్దువుగాని."

సోల్‌వైగ్ వచ్చి, కళ్లజోడు సర్దుకుని తెరలోకి చూసింది.

"ఎరువేం వేశావు నాయనా?"

తోర్‌గేర్ నిటారుగా కూర్చుని చెప్పసాగాడు.