వెళ్ళేవాళ్ళని అడగకూడని మాట

నాంచారమ్మ నిద్ర బుధవారం పొద్దున్నే సంచి సర్దుకుని ఇల్లు వదిలి వెళుతుంది.

నిద్ర లావుపాటి మనిషి. వెలిసిన నేతచీర కట్టుకుని, మంచం చివర కూర్చుని జుట్టు ముడి వేసుకుంటూ, "నా మీద కోపం పెట్టుకోమాక," అంటుంది. "నీ మోకాళ్ళు రెండూ తెల్లార్లూ పోట్లాడుకుంటా ఉంటే ఆ మంచం మీద నేనెట్టా ఉండను? ఇన్నాళ్ళూ సర్దుకున్నా. ఇక నా వల్ల కాదు."

నాంచారమ్మ తల ఊపుతుంది. నిద్ర చెప్పింది అబద్ధమేమీ కాదు. ఎడమ మోకాలికి నోరెక్కువ. కుడిది అయినదానికీ కానిదానికీ ఏడుస్తుంది. నిద్ర గడప దాటుతుంటే ఆమె గుమ్మం దాకా వచ్చి నిలబడుతుంది, అంతే. ఏమీ అడగదు.

మధ్యాహ్నం భోజనం మధ్యలో ఆకలి లేస్తుంది. బీరకాయ కూర కలిపిన ముద్ద ఇంకా నాంచారమ్మ చేతిలోనే ఉంది. "నిద్ర లేని ఇంట్లో నాకేం తోచదు," అని చెయ్యి కడుక్కుని, వీధి తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోతుంది.

సరదా ఎప్పుడు వెళ్ళిందో ఆమె గమనించనే లేదు. పక్క వాటాలో జాకెట్లు కుట్టే ఝాన్సీ వచ్చి చెబుతుంది.

"మీ సరదాని మార్కెట్ దగ్గర చూశా పిన్నీ. ఆటో ఎక్కుతోంది. ఏమే, పిన్నిని వదిలేసి పోతున్నావా అన్నా. పలకలా. అయినా అది మీ ఇంట్లో ఉంటున్నట్టు ఎవరికి తెలుసులే, ఎప్పుడన్నా బయటికొచ్చిందా?"

"టీవీలో వంటలు చేసి చూపిస్తారే, అప్పుడు వచ్చేది," అంటుంది నాంచారమ్మ.

"ఆ, వాళ్ళని తిట్టటానికి."

ఆ సాయంత్రం నుంచి ఇల్లు పొడుగవుతుంది. హాలుకీ వంటింటికీ మధ్య ఇదివరకు ఒక్క కర్రతెర ఉండేది. ఇప్పుడు వంటింటి దీపం, చేల అవతల ఎవరో వెలిగించుకున్నట్టు మిణుకుమంటూ కనిపిస్తుంది. గిన్నెల పేర్లు వెళ్ళిపోవటం మొదలవుతుంది. చిన్నవి ముందు వెళతాయి. గరిటె పేరు, జల్లెడ పేరు, ఆ తర్వాత పక్క వీధి పేరు. వస్తువులు ఎక్కడివి అక్కడే ఉంటాయి. పేరు ఉండాల్సిన చోట మాత్రం, పటం తీసేసిన గోడలాగ, తెల్లటి మచ్చ ఉంటుంది.

ఝాన్సీ ఆమెను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళుతుంది. డాక్టరమ్మ చిన్నపిల్ల. గొట్టం మోకాలికి ఆనించి చాలాసేపు వింటుంది.

"ఇక్కడ పెద్ద గొడవే నడుస్తోంది," అంటుంది. "మోకాళ్ళు, నిద్ర, ఆకలి, సరదా, జ్ఞాపకం అందరూ ఒక్క పొయ్యి మీద వండుకు తినేవాళ్ళమ్మా. ఒకళ్ళు లేస్తే మిగతావాళ్ళు కూర్చోరు. ముందు వెళ్ళిందెవరు?"

"నిద్ర."

"ఎక్కడికి వెళ్ళింది?"

"అడగలేదమ్మా."

"అడగొద్దూ?"

ఝాన్సీ నోట్లోంచి గుండుసూది తీసి చేతిలో పట్టుకుంటుంది. "బయలుదేరే మనిషిని ఎక్కడికని అడుగుతారా డాక్టరమ్మా? వెళ్ళిన పని చెడిపోదూ? నోరు జారి అడిగామా, వాళ్ళు మళ్ళీ లోపలికొచ్చి కూర్చుని, మంచినీళ్ళు తాగి అప్పుడు కదలాలి. మీ ఇళ్ళల్లో లేదా ఏంటి?"

"ఎందుకు లేదు. నేను బయలుదేరుతుంటే మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటుంది," అంటుంది డాక్టరమ్మ. తర్వాత నాంచారమ్మ వైపు తిరుగుతుంది. "ఇంక మీ ఇంట్లో మిగిలింది జ్ఞాపకం ఒక్కటే. అదీ లేచేట్టే ఉంది. అది వట్టి చేతులతో పోదు. మీరు దేన్ని ఎక్కువసార్లు తీసి చూసుకుంటారో దాన్నే పట్టుకుపోతుంది. నడవండి. గోడ పట్టుకుని అయినా సరే, నడవండి."

అదేమిటో నాంచారమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన మొహం. ఒకనాటి పొద్దున ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ గడప దాటాడు. ఆమె ఉతకాల్సిన బట్టలు చంకలో పెట్టుకుని చూస్తూ నిలబడింది. ఎక్కడికి అనలేదు. సాయంత్రం ఇద్దరు మనుషులొచ్చి, కాలవ వంతెన దగ్గర గుండె ఆగి పడిపోయాడన్నారు. అటువైపు ఆయనకు చుట్టాలు లేరు, పనీ లేదు. ఎందుకు వెళ్ళాడో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ దొరకలేదు. పెళ్ళి ఫోటోని చెదలు తినేశాయి. ఇప్పుడా మొహం ఆమె దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు.

ఇంటికి వచ్చేసరికి హాలు మధ్యలో జ్ఞాపకం రేకుపెట్టె సర్దుతోంది.

జ్ఞాపకానిది నాంచారమ్మ వయసే. సన్నగా, కళ్ళజోడు పెట్టుకుని, ఏ పనైనా శుభ్రంగా చేసే మనిషి. ఆయన దగ్గుని మడతపెట్టి అడుగున పెడుతుంది. ఆయన సైకిలు స్టాండు వేసిన చప్పుడుని పక్కన ఇరికిస్తుంది. అన్నిటికన్నా పైన, పాత పంచెలో చుట్టి, ఆయన మొహం పెడుతుంది. గడియ వేస్తుంది.

"వెళుతున్నా నాంచారీ. ఈ ఇంట్లో మోకాళ్ళ గోల తప్ప ఒక్క మాట వినపడి చావదు."

నాంచారమ్మ కుర్చీలో కూలబడి ఉంది. లేచి అడ్డం పడే ఓపిక లేదు. పెట్టె గడప దాకా వెళుతుంది. జ్ఞాపకం ఒక కాలు బయటపెడుతుంది. అప్పుడు నాంచారమ్మ నోట్లోంచి ఆ మాట వస్తుంది.

"ఎక్కడికి?"

జ్ఞాపకం ఆగిపోతుంది. "ఎంత పని చేశావే! కాలు బయటపెట్టిన మనిషిని ఎక్కడికంటావా?" అని గొణుక్కుంటూ వెనక్కి వచ్చి, పెట్టె మీదే కూర్చుంటుంది. "కానీ. మంచినీళ్ళు తే. తాగి పోతా."

"తేకపోతే?"

"ఇట్టాగే కూర్చుంటా. పెట్టె మాత్రం తియ్యను. మూత కింద ఉన్న మొహం నీకున్నట్టా, లేనట్టా? నువ్వే చెప్పు."

నాంచారమ్మ ఆయన నుదురు తలుచుకోబోతుంది. అక్కడ తెల్లటి మచ్చ ఉంది. లేచి, గోడకు చెయ్యి ఆనించి, వంటింటికి బయలుదేరుతుంది.

దారి పొడుగునా మోకాళ్ళు ఒకదాన్నొకటి తిట్టుకుంటాయి. కొంత దూరం పోయాక వాటికి ఆయాసం వస్తుంది. ఆయాసంతో తిట్టుకోవటం కష్టం కాబట్టి ఊరుకుంటాయి. ఆ నిశ్శబ్దంలో గోడకు వేలాడుతున్న గరిటె కనిపిస్తుంది. గరిటె, అనుకుంటుంది నాంచారమ్మ. ఇంకాస్త ముందు అలమర కింద ఆకలి జామకాయ కొరుకుతూ కూర్చుని ఉంది. ఆమెను చూసి, కాయ కొంగున తుడిచి, మిగిలిన సగం ఇస్తుంది. నాంచారమ్మ తింటుంది. కొంచెం వగరుగా ఉంది.

వంటింట్లో నీళ్ళబిందె పక్కన, సంచి తలకింద పెట్టుకుని నిద్ర పడుకుని ఉంది.

"నువ్వు వెళ్ళలేదా?"

"ఎక్కడికని నువ్వడిగితే కదా, ఎక్కడికో నాకు తెలిసేది," అంటుంది నిద్ర. "వీధి దాకా పోయి, తోచక దొడ్డి గుమ్మంలోంచి వచ్చా."

నాంచారమ్మ గ్లాసు ముంచుకుని తిరిగి నడుస్తుంది. నీళ్ళు తొణక్కుండా నడవటం చాలా అలసట. కానీ వెళ్ళినప్పటికన్నా వచ్చేదారి కొంచెం తక్కువ.

హాల్లో రేకుపెట్టె లోపల ఎవరో పొడిగా దగ్గుతున్నారు.

"ఇటివ్వు," అని జ్ఞాపకం చెయ్యి చాపుతుంది.

"ఆయన ఆ రోజు మంచినీళ్ళు తాగలేదు," అంటుంది నాంచారమ్మ. "ముందు ఆయనకి."

జ్ఞాపకం చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. తప్పు పట్టటానికేమీ దొరక్క, లేచి గడియ తీస్తుంది.

పంచె మడతల్లో మొహం ఎండి బీటలు వేసి ఉంది. మీసం నల్లగా ఉంది. నాంచారమ్మ గ్లాసు పెదాలకు ఆనిస్తుంది. ఆయన ఆత్రంగా తాగుతాడు. ఒక్కో గుక్కకూ బీటలు పూడుతాయి, పూడిన చోట ముడతలు పడతాయి. మీసం నెరుస్తుంది. బుగ్గలు జారతాయి. గ్లాసు ఖాళీ అయ్యేసరికి పెట్టెలో ఉన్నది, నాంచారమ్మ జన్మలో ఎన్నడూ చూడని ఒక ముసలాయన మొహం. చెవులు మాత్రం ఆయనవే.

జ్ఞాపకం కళ్ళజోడు సర్దుకుని వంగి చూస్తుంది. "ఎవరీయన? నా సామానులో ఈయన లేడే."

"లేడు," అంటుంది నాంచారమ్మ.

"నాది కానిది నేనెట్టా తీసుకుపోను? వట్టి పెట్టెతో ఎవరింటికి పోను?" జ్ఞాపకం చెప్పులు విడిచి, గోడ వారగా చతికిలబడుతుంది.

ఆ నల్లమీసం మొహం ఇక రాదని నాంచారమ్మకు తెలుస్తుంది. ఏడవటానికి కూడా ఓపిక కావాలి. ముసలాయన ఆమె వైపు చూస్తున్నాడు. కాలవ వంతెన సంగతి అడుగుదామని ఆమె నోరు తెరిచేలోపు ఆయన పెదాలు అప్పటికప్పుడు పెరిగిన గడ్డంలో మునిగిపోతాయి. గడ్డం తెల్లగా, మెత్తగా పెట్టె అంచు దాటి, నేల మీదికి దిగి, గోడ పక్కనే పాకుతూ వంటింటి వైపు సాగిపోతుంది.

నాంచారమ్మ కింద కూర్చుని, దొరికినంత గడ్డం ఒడిలోకి తీసుకుని చిక్కులు తీస్తుంది. చేతులు పీకుతున్నాయి. మోకాళ్ళు ఏమీ అనవు.

చాలా దూరాన, దీపం అవతల, ఎవరో టీవీ వంటలవాళ్ళని తిడుతూ ఆ గడ్డం కొస పట్టుకుని జడ అల్లుతున్నారు. ఒక్కో పాయా బిగుసుకుంటూ, ఆ అల్లిక నెమ్మదిగా ఆమె ఒడి వైపు వస్తోంది.