సర్పంచ్ ఒక్కపొద్దు

పిల్లికి షుగర్ అంటే నవ్వొచ్చేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి, తర్వాత నాకు అడ్డం రావద్దు. మా జూలూరుపాడులో అందరూ నవ్వారు. మా ఆయన జయప్రకాశ్ అయితే ఖమ్మంలో పశువుల డాక్టరు ఎదుటే నవ్వాడు. ఆ డాక్టరు నవ్వలేదు. పిల్లి చెవి కొసన సూదితో గుచ్చి, మిషన్ నా వైపు తిప్పాడు. నాలుగు వందల ముప్పై.

పిల్లి పేరు సర్పంచ్. తొమ్మిదేళ్ల గండుపిల్లి. తెల్లారగానే వీధిలో ఇంటింటికీ వెళ్లి గడపలో కూర్చుని వస్తాడని మా అత్తమ్మ పున్నమ్మ పెట్టిన పేరు అది. నెలరోజులుగా కుడితి తొట్టిలో తలపెట్టి తాగడమే పని, ఎరువు బస్తాల మీద ఉచ్చ పోయడమే పని. ఎంత తిన్నా వెన్నుపూస తేలిపోతోంది. నేను సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎంని. ఈ గుర్తులే ఇరవై ఏళ్లుగా ఊరూరా తిరిగి మనుషులకు చెప్తున్నాను. నా ఇంట్లో పిల్లికి వస్తే నెల దాకా కనిపెట్టలేకపోయాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నా గెలుపు ఇట్లా ఉంది.

"రోజూ రెండు పూటలా ఇన్సులిన్ ఇవ్వాలె. అన్నం, పాలు, పెరుగు బంద్. ఉడకబెట్టిన కోడి, చేప, గుడ్డు పెట్టండి. ముందు తిండి, తర్వాతే సూది. సూది పడ్డంక తినకుంటే షుగర్ పడిపోయి పాణం మీదికొస్తది" అన్నాడు డాక్టరు.

సూది నాకు ఒక పని కాదు. తిండే పని. ఉప్పూకారం లేని కోడిముక్కలు గిన్నెలో పెడితే సర్పంచ్ వాసన చూసి, పక్కన నేలను ముందుకాలితో గీకి, మన్ను కప్పుతున్నట్టు చేశాడు. తన దొడ్డికి చేసే మర్యాద నా వంటకు చేశాడన్నమాట.

"పిడికెడు అన్నం లేకుంటే పాణం ఎట్ల నిలుస్తదే? ఉప్పు లేని కూర నువ్వు తింటవా?" అని అత్తమ్మ.

"అన్నమే వాడి పాణం తీస్తది అత్తమ్మా" అన్నాను. ఒకసారి కాదు, పదిసార్లు. చెవిటివాడి ముందు శంఖం ఊదినా కనీసం ఊదినవాడికి వినపడుతుంది.

మూడోరోజు సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి అరుగు మీద అత్తమ్మ కునుకు తీస్తోంది. పక్కన సాసర్‌లో తియ్యటి చాయ్, దాంట్లో సర్పంచ్ మూతి. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడట్లేదనుకుంటుందట. అక్కడ కళ్లు మూసుకున్నవాళ్లు ఇద్దరు.

"చక్కెర వాడికి విషం అత్తమ్మా! విషం! ఎన్నిసార్లు చెప్పాలె?" అని వీధంతా వినబడేట్టు అరిచాను. అరిచి ఊరుకున్నానా? చక్కెర, బెల్లం, పుట్టతేనె, బిస్కెట్లు, ఇంట్లో తియ్యగా ఉన్నదల్లా ఊడ్చి బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెయ్యి నా సంచిలో వేసుకున్నాను. రెండు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. పిల్లితో మాత్రం నాకు వినపడేలా మాట్లాడింది. "మనకు ఈ ఇంట్ల బతుకు లేదు బిడ్డా. జైల్ల నయం."

నాకు మాత్రం సరదానా? తొమ్మిదేళ్ల కిందట పత్తి కుప్పలో దొరికాడు వాడు, కళ్లు కూడా తెరవలేదు. ఇంకుఫిల్లర్‌తో పాలు పోసి, పాత టీకాల డబ్బాలో వెచ్చటి గుడ్డ వేసి బతికించింది నేను. నా చేతిలో బతికినవాడు నా కళ్ల ముందే తిండి వల్ల పోతే నేను తట్టుకోలేను. అది చెప్పడం చేతకాక అరుస్తాను.

రెండు వారాలకు రెండొందల నలభైకి దిగింది. హమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాత శనివారం వచ్చింది.

శనివారం టీకాల రోజు. ఆవేళ టీకాల డబ్బా ఆలస్యంగా వచ్చింది. కోడిముక్కలు పెట్టాను, సర్పంచ్ రెండు నోట్లో వేసుకున్నాడు. మిగతావి తింటాడులే అని సూది వేసి స్కూటీ ఎక్కాను. ఇరవై ఏళ్ల సర్వీసున్న నర్సు చేసిన పని ఇది.

టీకాలు వేసే తండాకు పదహారు కిలోమీటర్లు, అడవి దారి. ఆ తండాలో బడి వరండా మూలన తప్ప ఫోన్ పలకదు. అందుకే అక్కడే బల్ల వేసుకుంటాను. పన్నెండు మంది తల్లులు పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డారు. పదిన్నరకు ఫోన్ మోగింది.

"ఏం లేదు గనీ పద్మా, సర్పంచ్ తూలుతాండు. కల్లు తాగినోని లెక్క. ఒక్కపొద్దు గద, నీరసం ఉంటది. నాకూ ఉంటది" అంది అత్తమ్మ.

"ఒక్కపొద్దు ఎవరికి?"

"వానికే. తగ్గాలని భద్రాచలం రామయ్యకు మొక్కిన. పదకొండు శనివారాలు వాడు ఒక్కపొద్దు ఉంటడని. నువ్వు అటు పోంగనే గిన్నె తీసి ఉట్టి మీద పెట్టిన."

అత్తమ్మ శనివారాలు పగలంతా ఏమీ ముట్టదు, దీపం పెట్టాకే ఒక్కపూట తింటుంది. నలభై ఏళ్లుగా పట్టిన ఒక్కపొద్దు. ఇప్పుడు దాన్ని ఇన్సులిన్ పడ్డ పిల్లికి పట్టించింది.

"అత్తమ్మా, జల్దీ! చక్కెర నీళ్లల్ల కలిపి వాని చిగుళ్లకు రాయి. గొంతుల పొయ్యకు, వేలితోటి రాయి!"

అత్తమ్మ మెల్లగా అంది. "చక్కెర విషమంటివి గదనే."

"ఇప్పుడు అదే మందు!"

"నన్ను పరీక్ష చేస్తున్నవా ఏంది?"

"నా మీద ఒట్టు అత్తమ్మా! వాడు చచ్చిపోతడు!"

"సరే గనీ, చక్కెర ఏడుంది? తాళంచెయ్యి నీ సంచిలనే ఉండె."

సంచి నా భుజానే ఉంది. మా ఆయన కొత్తగూడెం పోయాడు, వీధి వీధంతా పత్తి ఏరడానికి పోయింది. ఎంత తోలినా అరగంట దాటుతుంది. ఇక్కడ పన్నెండు మంది పసివాళ్లు.

"రోకలి తీస్కొని తాళం పగలగొట్టు!"

"పద్మా, ఒక మాట చెప్త. తిట్టొద్దు."

"చెప్పు!"

"బియ్యం డబ్బాల బెల్లంగడ్డ దాసిన. చాయ్‌లకని."

కాపురానికొచ్చిన ఇరవై రెండేళ్లలో అత్తమ్మ ఏ మాటకూ నేనంత సంతోషపడలేదు. "తియ్యి! నలిపి రాయి!" అని అరిచాను.

వరసలో ముందున్న జమ్లి చంకలో రెండున్నర నెలల బిడ్డ. "ఎవలికి నర్సమ్మా, పిల్లగానికా?" అంది.

"పిల్లికి."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఫోన్ నేను పట్టుకుంట. నువ్వు సూదెయ్యి" అని నా చెవికి ఫోన్ ఆనించి నిలబడింది. ఈ చెవిలో పసివాళ్ల ఏడుపు, ఆ చెవిలో అత్తమ్మ "రామా రామా". నాలుగో బిడ్డకు టీకా వేస్తుండగా అటునుంచి కేక వినబడింది.

"అమ్మో! నా వేలు కొరికిండే!"

"కొరకనీ అత్తమ్మా, కొరకనీ" అన్నాను. నాకు ఏడుపొచ్చింది. జమ్లి తన కొంగుతో నా కళ్లు తుడిచింది, నా చేతుల్లో సిరంజి ఉంది మరి.

అత్తమ్మ కొంచెం కొంచెంగా కోడిముక్కలు తినిపించింది, డాక్టరుతో నేను ఫోన్‌లో మాట్లాడాను. రెండింటికి ఇల్లు చేరేసరికి సర్పంచ్ ఆమె ఒళ్లో ఉన్నాడు, మీసాలకు బెల్లం అంటుకుని. ఆమె వేలికి పసుపు గుడ్డ. దారి పొడుగునా తిట్లు కూడబలుక్కుని వచ్చాను.

"నేనే సంపుతుంటి వాన్ని" అని ఆమె ముఖం కప్పుకుంది.

తిట్లు ఒక్కటీ నోటికి రాలేదు. "గిన్నె చూడకుండ సూదేసి పోయింది నేను. తాళమేసింది నేను" అన్నాను. తాళంచెయ్యి తీసి బీరువా పక్క మేకుకు తగిలించాను.

ఆమె ముక్కు చీదుకుని, "మరి మొక్కు?" అంది.

"ఇంకా ఏం మొక్కు అత్తమ్మా!"

"మొక్కినంక తప్పొద్దు. వాని పేరు మీద ఎవలన్న ఉండాలె. నాది నాకున్నది. నా కొడుకు పొద్దున టిఫిన్ లేకుంటే ఇల్లు పీకి పందిరేస్తడు." అత్తా పిల్లీ కలిసి నా వైపు చూశారు.

నా ఒక్కపొద్దుకు ఇవాళ నాలుగో శనివారం. పొద్దున సర్పంచ్ గిన్నె ఖాళీ చేసేదాకా ఎదురుగా కూర్చుని, అప్పుడు సూది వేసి వచ్చాను. బడి వరండా మూలన నిలబడ్డాను. కడుపు కాలిపోతోంది. బిడ్డకు తర్వాతి టీకా కోసం వచ్చిన జమ్లి, ఉడకబెట్టిన పల్లికాయలు కొంగులోంచి తీసి బల్ల మీద పోసింది. ఫోన్ మోగింది.

"నడుమల పెట్టమన్న ముక్క గూడ తిన్నడు పద్మా. తూలుడు లేదు, ఏం లేదు. నువ్వు మాత్రం ఏం ముట్టకు. ఇంక ఏడు వారాలున్నయ్."

"ఉంటున్నలే అత్తమ్మా, పెట్టెయ్ ఫోను" అన్నాను. పల్లికాయల్ని జమ్లి వైపు జరిపి, బిడ్డను ఇటివ్వమన్నాను.