బొమ్మ కింద పేరు

ఆ బుధవారం పొద్దున్న మా దుకాణం కిటికీ ముందు నలభైమంది నిలబడి నవ్వుతున్నారు. లోపల బల్ల దగ్గర మేం నలుగురు ఆడవాళ్ళం అచ్చయిన బొమ్మలకి రంగులు పూస్తున్నాం. డోర్కస్‌ది నీలం, నాది ఎరుపు. మంత్రి ముక్కూ ఎరుపే, రాజు బుగ్గలూ ఎరుపే. నాకే పని ఎక్కువ.

బొమ్మలో ఒక పిండిమర. మంత్రి దాన్ని తిప్పుతుంటాడు. పైనుంచి గోధుమలకు బదులు మనుషుల్ని పోస్తుంటారు. కింద రాజు నోరు తెరుచుకుని కూర్చుంటాడు. ఆ ఆలోచన నాది. ఆ ఏడాది లండన్‌లో రొట్టె దొరక్క జనం తవుడు ఉడకబెట్టుకుని తిన్నారు. రెండు వారాల కిందట రాజు బండి మీద రాళ్ళు పడ్డాయి. వేసినవాళ్ళని నేను అప్పుడూ తప్పు పట్టలేదు, ఇప్పుడూ పట్టను. ఆ రాళ్ళ పేరు చెప్పి పార్లమెంటులో కొత్త చట్టం తెస్తున్నారు. రాజు మీద నోరెత్తినా, రాసినా, గీసినా రాజద్రోహమే.

అందుకే ఈ బొమ్మ మీద ఎవరి పేరూ ఉండకూడదని ముందే అనుకున్నాం. దుకాణం నడిపే లవ్‌డే క్రౌచ్ అమ్మగారు, బొమ్మ చెక్కే మా తమ్ముడు ఆంబ్రోస్, నేను. ముగ్గురం తలుపు వేసుకుని మరీ అనుకున్నాం.

కిటికీ ముందు ఎప్పుడూ ఒకడు గట్టిగా చదువుతాడు, చదువు రానివాళ్ళు వింటారు. ఆ రోజు చదివింది బొగ్గు మోసే కూలీ. పైనున్న బొమ్మ పేరు చదివాడు. రాజు నోటి ముందున్న మాటలు చదివాడు. జనం విరగబడి నవ్వారు. వాడికి హుషారొచ్చి అడుగున ఉన్నది కూడా చదివేశాడు.

"ఆంబ్రోస్ పెల్ చెక్కినది! నవంబరు పదకొండు, ఎల్. క్రౌచ్, హోబర్న్! శభాష్‌రా ఆంబ్రోసూ!"

నా కుంచె రాజు చెంప మీద పడింది.

కాగితం ఎత్తి కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాను. ఉంది. అడుగు అంచులో, చీమలబారంత సన్నగా, పేరూ తారీకూ వీధీ అన్నీ ఉన్నాయి. రంగు పూసేవాళ్ళం ఆ అంచుని చూడం. అక్కడ ఎడమచేత్తో కాగితం అదిమి పట్టుకుంటాం.

"ఒరేయ్ ఆంబ్రోస్! ఇటు రా!"

చేతులకి సిరాతో వెనక గదిలోంచి వచ్చాడు. చూశాడు.

"నేను రాయలేదక్కా," అన్నాడు. మళ్ళీ చూశాడు. మొహం పాలిపోయింది. "చెయ్యి రాసేసింది."

వాడు అబద్ధమాడలేదు. అచ్చుతీసే రాగిరేకు మీద పేరూ తారీకూ లేకపోతే పక్కవీధి దుకాణంవాడు సాయంత్రానికల్లా అదే బొమ్మ దొంగిలించి అమ్ముకుంటాడు, అడిగే హక్కు ఉండదు. అందుకని మా పనిలో ఉన్నవాళ్ళు ఏ బొమ్మకైనా చివర ఆ వరస చెక్కుతారు. అద్దంలో అక్షరాల్లా తిరగేసి చెక్కాలి. వాడు పదకొండేళ్ళుగా చెక్కుతున్నాడు. బొమ్మ అయిపోగానే చెయ్యి దానంతటది అడుగుకి పోతుంది. దొంగ దుకాణం భయం ఒంట్లో ఇంకిపోయినవాడికి ఉరికొయ్య భయం గుర్తు రాలేదు.

"చెయ్యి రాసిందట!" అంది డోర్కస్. "ఉరి కూడా చేతికే వేస్తారనుకున్నావా నాయనా?"

"నోరుముయ్యవే," అన్నాను.

క్రౌచ్ అమ్మగారు పైమెట్టు మీద నిలబడి అంతా విన్నారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఆవిడ అరవలేదు.

"ఎన్ని పోయాయి?"

"ఆరు," అన్నాను. "ఐదుగురు మనకి తెలిసినవాళ్ళే. ఒకడు గోధుమరంగు కోటువాడు. కూలీ చదవకముందే బేరమాడకుండా కొనుక్కుపోయాడు."

బేరమాడకుండా బొమ్మ కొనేవాడు హోబర్న్‌లో లేడు. అందరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం.

"కిటికీలోది తీసేస్తే ఒప్పుకున్నట్టే," అన్నారు అమ్మగారు. "అడుగు కోసి మళ్ళీ పెట్టండి. ఉన్నవన్నీ కొయ్యండి. రేకు మీద గీకేయరా ఆంబ్రోస్."

కత్తెరలు తీశాం. కోసిన అంచులన్నీ పొయ్యిలో వేశాం. తమ్ముడి పేరు యాభైసార్లు కాలిపోవడం చూశాను.

వాడు వెనక గదిలో రాగిరేకు మీద ఆ వరస గీకాడు. గీకినచోట గుంట పడుతుంది. గుంటలో సిరా నిలిచి నల్లటి మచ్చ అచ్చవుతుంది. అందుకని రేకు బోర్లించి, వీపు మీద సన్నసుత్తితో కొట్టి గుంట పైకి లేపాలి. ఆ సుత్తి చప్పుడు దుకాణమంతా వినిపించింది. వీధిలోకి వినిపిస్తోందేమోనని నేను అక్కర్లేని దగ్గు దగ్గాను. తరవాత నున్నగా రుద్దాడు. ఒక కాగితం అచ్చు తీసి తెచ్చాడు. అడుగు తెల్లగా ఉంది.

"చూడక్కా. ఎవడూ కనిపెట్టలేడు."

నేను అంచంతా వేలితో తడిమి చూశాను.

మూడు గంటలకి న్యాయాధికారి మనుషులు ముగ్గురు వచ్చారు. ముందున్నవాడి పేరు స్లీత్. గొంతు మెత్తన. నాకు మెత్తటి గొంతులంటే మొదటినుంచీ భయం.

"ఏమమ్మా క్రౌచ్ గారూ, జనాన్ని బాగా నవ్విస్తున్నారట?"

"జుట్టు పౌడరుకి పన్ను వేశారు గాని, నవ్వుకింకా వెయ్యలేదు కదా దొరా."

"వేస్తారు, వేస్తారు." కోటులోంచి చుట్టిన కాగితం తీశాడు. గోధుమరంగు కోటువాడు కొన్నదే అయి ఉంటుంది. పైనుంచి మెల్లగా విప్పడం మొదలుపెట్టాడు. పిండిమర కనిపించింది. మంత్రి ముక్కు కనిపించింది. నేను పూసిన ఎరుపే. ఇంకో జానెడు విప్పితే మా తమ్ముడి మెడ. ఆంబ్రోస్ గుమ్మంలో నిలబడి ఆ కాగితాన్నే చూస్తున్నాడు.

మొత్తం విప్పాడు. అడుగు లేదు. రాజు చెప్పుల దాకా కోసేసి ఉంది.

స్లీత్ పళ్ళు కొరికాడు. "మా న్యాయాధికారిగారి భార్య. కత్తెర దొరికితే చాలు ఆ మహాతల్లికి. గదిలో పెట్టుకునే మడతతెర మీద అతికించుకోడానికి అంచులన్నీ కోసేసింది. ఆయన అది లాక్కుని నాకిచ్చేసరికి ఇదీ మిగిలింది."

డోర్కస్ నవ్వాపుకోలేక ముక్కుతో చప్పుడు చేసింది. నాకు ఊపిరి ఆడింది. రాజుని పిండిమర కింద కూర్చోబెట్టినా సరే, ఆ ఆడవాళ్ళకి గది అలంకారమే ముఖ్యం! జన్మలో మొదటిసారి ఒక దొరసానికి మనసులో దండం పెట్టాను.

"రేకు తెండి," అన్నాడు స్లీత్.

ఆంబ్రోస్ తెచ్చాడు. స్లీత్ కిటికీ వెలుతురులో పట్టుకుని చూశాడు. అడుగున బొటనవేలితో రుద్దాడు. నున్నగా ఉంది. నేను లోపల లెక్కపెడుతున్నాను, ఇప్పుడు కింద పెట్టేస్తాడు, ఇప్పుడు పెట్టేస్తాడు అని.

వెనక్కి తిప్పాడు.

"మా నాన్న ఫెటర్ లేన్‌లో రాగిరేకులు సాపు చేసేవాడు," అన్నాడు. ఊసుపోక చెబుతున్నట్టు అన్నాడు. "ముందు గీకితే వెనక కొట్టాలి. చూడండమ్మా. జానెడు పొడుగు, వేలెడు వెడల్పు కూడా లేదు, ఒకటే తిన్నటి వరస. బొమ్మని గీకితే దెబ్బలు ఇలా ఉండవు. ఇది రాత. ఎవరి పేరు?"

డోర్కస్ కుంచె కడగడం మొదలుపెట్టింది.

"సరే. దుకాణం ఎవరిదో తెలుసుగా. శాలువా కప్పుకోండి అమ్మా."

న్యూగేట్ జైలుకి పోయినవాళ్ళు విచారణదాకా బతకక్కర్లేదు. జైలుజ్వరం చాలు. ఆవిడ పోయిన చలికాలమంతా రక్తం దగ్గారు. అది మా అందరికీ తెలుసు. ఆవిడ ఆంబ్రోస్ వైపు చూడనైనా చూడలేదు. టోపీ నాడాలు గడ్డం కింద ముడివేసుకున్నారు.

భయపెట్టడం ఒకటే వాళ్ళ బలం, మనం భయపడకపోతే వాళ్ళు ఉత్త చేతులవాళ్ళు అని ఎన్ని సారా కొట్లలో బల్లలెక్కి అరిచానో! నా చేత్తో పంచిన కరపత్రాలకి లెక్కలేదు. ఆ రోజు నా నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. ఆవిడని తీసుకుపోతే తమ్ముడు మిగులుతాడు. అవును, అలాగే అనుకున్నాను. దాచి ఏం లాభం?

"ఆ ముడి విప్పెయ్యండమ్మగారూ," అన్నాడు ఆంబ్రోస్. "దొరా, పేరు నాది. ఆంబ్రోస్ పెల్. చెక్కిందీ నేనే, గీకిందీ నేనే. ఈవిడకి గీతకీ రాతకీ తేడా తెలీదు."

"రేయ్!" అన్నారు అమ్మగారు. ఇంకేం అనలేకపోయారు.

అప్పుడు నాకు గొంతొచ్చింది. "ఆలోచన నాది," అన్నాను. ఎంత చిన్నగా వచ్చిందంటే పక్కనున్న డోర్కస్ ఒక్కతే విని నా చెయ్యి గిల్లింది.

వాణ్ణి నడుముకి కట్టుకున్న పని గుడ్డతోనే తీసుకుపోయారు. కిటికీ ముందు జనం దారి ఇచ్చారు. పొద్దున శభాష్ అన్న కూలీ టోపీ కళ్ళమీదికి లాక్కుని గోడవైపు తిరిగాడు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ అడ్డుపడలేదు. నలభైమంది! అవతల ఇద్దరు!

మూడోవాడు పోలేదు. కుర్చీ లాక్కుని మా బల్ల దగ్గరే కూర్చుని పుస్తకం తీశాడు. పెద్ద వయసేం కాదు, జలుబు చేసి ముక్కు తుడుచుకుంటున్నాడు.

"పని ఆపకండి. ఒక్కొక్కళ్ళే పేరు చెప్పండి."

"మేరీ స్మిత్," అంది డోర్కస్, కుంచె ఎత్తకుండా.

రాసుకున్నాడు. "నువ్వు?"

"మేరీ స్మిత్ అండీ," అంది రెండోది.

"నువ్వు?"

"నేనూ మేరీ స్మిత్‌నే బాబూ. మా అమ్మకి వేరే పేరు తట్టలేదు."

వాడు కలం ఆపి మమ్మల్ని చూశాడు. డోర్కస్ బల్ల కింద నా కాలు తొక్కింది. చెప్పవే, నువ్వూ అదే చెప్పు అని. రెండు మాటలు చెబితే చాలు. రాత్రికి ఇంట్లో పడుకుంటాను. అవతల జైల్లో తమ్ముడొక్కడే ఉంటాడు. ఎవరు చెప్పారు, ఎవరు గీయమన్నారు అని వాళ్ళు అడుగుతూనే ఉంటారు. వాడు నా పేరు చెప్పడు. చెప్పడని నాకు తెలుసు, అదే నా గుండెల్లో చలి పుట్టించింది.

"కెజియా పెల్," అన్నాను.

"పెల్ అంటే..."

"అక్కని. మరలో మనుషుల్ని పొయ్యమన్నది నేనే. అది కూడా రాసుకో."

డోర్కస్ కాలు వెనక్కి తీసుకుంది. వాడు ముక్కు తుడుచుకుని, కలం సిరాలో ముంచాడు.